మామ్మ కష్టాన్ని మూడు తరాలు కూర్చుని తినే పద్ధతి

మీ వంశంలో ఒక మామ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మిందా? కోడి కూయకముందే లేచి, నిడమర్రు దాటి కొల్లేటి లంకల దాకా నడిచి, వలల దగ్గర బేరమాడి, పొద్దెక్కేసరికి గణపవరం వీధుల్లో కేకేసుకుంటూ తిరిగిందా? ఆ చిల్లర కొంగున ముడేసి ముందు అరెకరం కౌలు, తర్వాత ఎకరం సొంతం, ఆ తర్వాత చెరువు, చెరువు పక్కన ఐసు షెడ్డు, షెడ్డు ముందు లారీ దాకా తెచ్చిందా? అయితే మీ పని సగం అయిపోయింది. మిగతా సగం చెయ్యకుండా ఎలా ఉండాలో నేను చెబుతాను.

అసలు సూత్రం ఒక్కటే. కష్టం బ్యాంకులో వేసిన డబ్బులాంటిది. మామ్మ వేసింది, మనం తియ్యాలి. ఆవిడ పడిన కష్టమే మళ్ళీ మనమూ పడితే ఆవిడ పడినదానికి విలువేముంది? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మన డెల్టాలో కొండలు లేవు, ఉన్నవన్నీ చెరువులే. కాబట్టి ధైర్యంగా కూర్చోండి.

మా ఇంట్లో ఈ చిట్కాలన్నీ ఒక్కటి కూడా వదలకుండా అమలు చేశాం. ఫలితం చివర్లో చూడండి.

1. ముందు ఫొటో పెట్టించండి

వ్యాపారానికి మొదటి పెట్టుబడి ఫొటో. రెండడుగుల ఎత్తు, బంగారు రంగు ఫ్రేము, చుట్టూ సీరియల్ బల్బులు. ఫొటోలో మామ్మ పట్టుచీరలో ఉండాలి. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన తడిచీర, ముంజేతులకి అంటుకున్న పొలుసులు, గంప మోసి మోసి జుట్టు పలచబడిన నడినెత్తి కనబడకూడదు. అవి చూస్తే వచ్చినవాళ్ళకి పని గుర్తొస్తుంది. లారీ నుదుటి మీద "మామ్మ దీవెన" అని రాయించండి. రోజూ తొమ్మిదిన్నరకి షెడ్డుకొచ్చి అగరుబత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు నిలబడండి. ఆ రోజుకి మీరు నిలబడాల్సింది అంతే.

2. కథ నేర్చుకోండి, పని నేర్చుకోకండి

మామ్మ చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూసేది. ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. వేలితో ఒంటిని నొక్కితే గుంట పడకూడదు, కండ వెంటనే పైకి లేవాలి. ఈ మూడు ముక్కలూ బాగా బట్టీ పట్టండి. పెళ్ళిళ్ళలో, సన్మానాల్లో, ఎవరైనా మైకు ఇచ్చినప్పుడు గొంతు తగ్గించి చెప్పండి. చెబుతూ బొటనవేలు గాలిలో నొక్కి చూపించండి. షెడ్డులో చేప దగ్గర మాత్రం ఆ వేలు వాడకండి. వాసన సాయంత్రం దాకా పోదు.

మస్తానమ్మ గారు మీకు తెలిసే ఉంటారు. 2016లో ఆవిడ ముని మనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి ఆవిడ వంటని వీడియో తీసి 'కంట్రీ ఫుడ్స్' పేరుతో యూట్యూబులో పెట్టారు. వందేళ్ళు దాటిన మనిషి ఆరుబయట పొయ్యి రాజేసి, గోటితో అల్లం పొట్టు తీసి వండుతుంటే లక్షలమంది చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ పోయినప్పుడు దేశదేశాల పత్రికలు రాశాయి. మన చిట్కాకి ఇందులో కావాల్సిన ముక్క ఒక్కటే: వంట చేసింది ఆవిడ. ఆ కుర్రాళ్ళు ఎండలో కెమెరా మోశారన్న సంగతి పట్టించుకోకండి. అది మళ్ళీ పనిలోకే వస్తుంది.

3. తెల్లవారుజామున లేవకండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా. నిదానంగా చదవండి.

పగలు ఎండలో చెరువు నీళ్ళలోని పచ్చని నాచు ప్రాణవాయువు తయారు చేస్తుంది. రాత్రి తయారీ ఉండదు, వాడకమే. చేపలూ పీలుస్తాయి, నాచూ పీలుస్తుంది, అడుగున కుళ్ళేదంతా పీలుస్తుంది. అందుకని సూర్యుడు రాబోయే ముందు నీళ్ళలో గాలి బొత్తిగా తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో పగలు తయారైందే తక్కువ కాబట్టి ఆ మర్నాడు తెల్లవారుజాము మరీ ప్రమాదం. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తాయి. చేప తేలిందంటారు మనవైపు. అప్పుడు వెంటనే ఏరేటర్లు తిప్పాలి, ఇంజను పెట్టి కొత్త నీళ్ళు కొట్టాలి, మేత ఆపాలి.

మామ్మ మూడున్నరకి లాంతరు పట్టుకుని గట్టు చుట్టూ తిరిగేది. "చెరువు నిద్రపోదురా అబ్బాయ్" అనేది. నిజమే. చెరువు మేలుకునే ఉంటుంది కదా, ఇంక మీరెందుకు మేలుకోవడం?

లెక్క వేసుకోండి. ఎనిమిదింటికి ఎండ వస్తుంది, నాచు పనిలోకి దిగుతుంది, గాలి తనంతట తనే పెరుగుతుంది. అప్పటిదాకా చేప బతికితే మీరు లేవాల్సిన పని లేదు. బతకకపోతే లేచినా లాభం లేదు. రెండు దారుల్లోనూ దుప్పటే గెలుస్తుంది.

4. కాపలావాడికి అన్నీ అప్పగించండి, డీజిలు తప్ప

చెరువు దగ్గర మకాంలో ఒక మనిషిని పెట్టండి. బాధ్యత మొత్తం వాడిదేనని నలుగురి ముందు చెప్పండి. జనరేటరు తాళం, డీజిలు డబ్బా మాత్రం మీ ఇంట్లో ఉంచుకోండి, దొంగలుంటారు. జీతం రెండు నెలలు వెనకపెట్టండి. బాకీ ఉన్నంతకాలం మనిషి కదలడు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే వాడు మీకు ఫోన్ చేస్తాడు. రాత్రి పదింటికే ఫోన్ సైలెంటులో పెట్టి, బోర్లా తిప్పి పడుకోండి. పొద్దున్న "ఒక్కసారి చేస్తే ఎలారా, గట్టిగా చెయ్యాలి గానీ" అని మందలించండి. యజమాని అన్నాక మందలింపు తప్పదు.

5. మేత సంచులు ఎత్తి చూడకండి

మనవైపు మేత వెయ్యడం సులువే. సంచికి చిల్లులు పెట్టి, తవుడు నింపి, చెరువులో పాతిన కర్రలకి కట్టడమే. చేప వచ్చి చిల్లులోంచి లాక్కుని తింటుంది. మామ్మ పడవ మీద వెళ్ళి ప్రతి సంచీ ఎత్తి చూసేది. ఖాళీగా ఉంటే ఇంకొంచెం, మిగిలితే ఆ పూట తక్కువ. ఇలా వందల సంచులు ఎత్తడం వల్లే ఆవిడ నడుం వంగిపోయింది.

మీ నడుం ముఖ్యం. రోజూ ఒకటే లెక్క కట్టించండి, ఎండ అయినా వాన అయినా. తవుడు తాడేపల్లిగూడెం వైపు మిల్లుల్లో ఏది చవగ్గా, అరువుగా దొరికితే అది తెప్పించండి, ముక్కిపోయినా పరవాలేదు. తినకుండా మిగిలింది అడుగున చేరి కుళ్ళుతుంది, కుళ్ళి ఉన్న కాస్త గాలినీ లాగేస్తుంది. కానీ అడుగు పైకి కనబడదు. కనబడనిదాని గురించి ఆలోచిస్తే బీపీ వస్తుంది.

6. అన్నదమ్ములందరూ పైనే ఉండండి

చెరువులో బొచ్చె పైపైన తింటుంది, శీలావతి మధ్యలో తింటుంది, ఎర్రమోసు అడుగున తింటుంది. ఒకే నీళ్ళలో ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డం రాకుండా బతుకుతాయి. మామ్మ ఇది చూసే కొడుకులకి పని పంచింది: ఒకడు గట్టు మీద, ఒకడు షెడ్డులో, ఒకడు లెక్కల్లో.

మీరు ఆ పాత పద్ధతి మార్చండి. పెద్దాయన చైర్మన్, రెండో ఆయన మేనేజింగ్ డైరెక్టర్, మూడో ఆయన పర్యవేక్షణ. ముగ్గురికీ విజిటింగ్ కార్డులు కొట్టించండి. అడుగున ఎవరూ ఉండకూడదు, అక్కడ బురద ఉంటుంది. ఏ పని ఆగినా ఒక్కొక్కరూ "తమ్ముడు చూస్తున్నాడు అనుకున్నాను", "అన్నయ్య చెప్పాడేమో అనుకున్నాను" అనండి. అందులో అబద్ధమే లేదు.

7. ఐసు తగ్గించండి

మన చేప మన ఊళ్ళో ఆగదు. వెయ్యి కిలోమీటర్లు దాటి హౌరా మార్కెట్‌కి, ఇంకా అవతల అస్సాం దాకా పోతుంది. బయటనుంచి వచ్చిన చేపని బెంగాలీలు చలానీ చేప అంటారు. ఊరి చెరువు చేపంత రుచి ఉండదని మూతి విరుస్తూనే కొంటారు. ఆ దూరానికి మామ్మ లెక్క: చేపంత బరువు ఐసు. ట్రేలో ముందు ఐసు పొర, తర్వాత చేప పొర, మళ్ళీ ఐసు. గడ్డలుగా కాదు, పొడిగా కొట్టి, చేప చేపకీ తగిలేలా. ఐసు కరిగి ఆ చల్లని నీళ్ళు ఒంటి మీదుగా కారుతుంటేనే చేప నిలుస్తుంది.

ఇందులో ఎంత డబ్బు నీళ్ళపాలవుతోందో గమనించారా? పైపొర ఒక్కటి వెయ్యండి చాలు. మూత తీసినవాడికి ముందు కనబడేది పైపొరే. అక్కడినుంచి ఫోన్ వస్తే ఈ వరసలో చెప్పండి: మొదటిసారి ఎండ, రెండోసారి పంక్చరు, మూడోసారి డ్రైవరు, నాలుగోసారి "మామ్మ కాలం నుంచి పంపుతున్నాం, ఎప్పుడూ రాని మాట మీరే అంటున్నారు" అని నొచ్చుకోండి. ఐదోసారి వాళ్ళే ఫోన్ చెయ్యరు. ఆ తలనొప్పి శాశ్వతంగా తగ్గినట్టే.

8. కొసరు ఎత్తెయ్యండి, తరుగు పెంచండి

మామ్మ తూకం అయ్యాక ఒక చిన్న చేప పైన వేసేది. "పిల్లోడికి ఫ్రై చెయ్యమ్మా" అనేది. ఆ ఇంటి పిల్లాడు పెద్దవాడై చెరువు వేసినప్పుడు మొదటి పట్టుబడి మనకే ఇచ్చాడు, తూకం కూడా అడగకుండా. అంటే ఒక చిన్న చేపకి పాతికేళ్ళు ఎదురుచూడాలన్నమాట! అంత ఓపిక మనకెక్కడిది?

రైతు దగ్గర కొనేటప్పుడు ట్రే బరువు కాస్త ఎక్కువ రాయండి. నీళ్ళ తరుగని కొంత, బురద తరుగని కొంత తీసెయ్యండి. ఎవరైనా "ఆయ్, అదేంటండీ, ఇంటి దగ్గర తూస్తే ఎక్కువొచ్చిందండీ" అంటే ఫొటో వైపు చూపించండి. "మామ్మ సాక్షిగా బాబాయ్" అనండి. డబ్బులకి మాత్రం వచ్చే మంగళవారం రమ్మనండి. ఏ మంగళవారమో చెప్పకండి. రైతులు ఒక్కొక్కరే ఆకివీడు వైపు వేరే షెడ్లకి వెళ్ళిపోతారు. కంగారుపడకండి. వచ్చేవాళ్ళు తగ్గితే తూచే పనీ తగ్గుతుంది.

9. సాకుల పంచాంగం గోడకి తగిలించండి

సాకు అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరకదు. ఏడాది మొత్తానికీ ముందే రాసి పెట్టుకోవాలి.

జనవరి: భోగికి పది రోజుల ముందునుంచి పుంజుల పోషణ, కనుమ తర్వాత పది రోజులు బడలిక. ఫిబ్రవరి, మార్చి: పెళ్ళిళ్ళు. ఏప్రిల్ నుంచి జూన్: ఎండ. జూలై, ఆగస్టు: వాన, శ్రావణం. సెప్టెంబరు: వరద. అక్టోబరు: దసరా. బెంగాల్లో ఆ రోజుల్లోనే చేప బాగా పోతుంది, అయినా పండగ పండగే. నవంబరు: కార్తీకం. చేప తినేది హౌరాలో అయినా ఉపవాసం గణపవరంలో ఉండాలి. డిసెంబరు: చలి. చలికి చేపే తక్కువ తింటుంది, మనం ఎక్కువ పని చెయ్యడం ఏం న్యాయం?

ఇవి కాక ఏ నెలకైనా పనికొచ్చే పెద్ద సాకులు రెండున్నాయి. ఒకటి ఆపరేషన్ కొల్లేరు. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. లంకల్లో ఎన్నో కుటుంబాలు నిజంగా దెబ్బతిన్నాయి. మీ చెరువు కాంటూరుకి ఎంత బయట ఉన్నా సరే, అప్పుకోసం వచ్చినవాడి ముందు పడమటి వైపు చూసి, "ఆ దెబ్బనుంచి ఇంకా లేవలేదండీ" అనండి. రెండోది బుడమేరు. 2024 సెప్టెంబరులో అది విజయవాడని ముంచింది. ఆ నీళ్ళు చేరేది కొల్లేటికే, కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇది వివరంగా చెప్పేసరికి ఎదుటివాడికి ఏం అడగడానికి వచ్చాడో గుర్తుండదు.

10. ఇంటి ఆడవాళ్ళ పనిని "సాయం" అనండి

మామ్మ పోయాక ఆ చురుకు ఎవరో ఒక కోడలికో మనవరాలికో వస్తుంది. లెక్కలు రాస్తుంది, ఐసు బిల్లు సరిచూస్తుంది, రైతులకి సర్దిచెబుతుంది. ఇక్కడ జాగ్రత్త. దాన్ని పని అన్నారా, వాటా ఇవ్వాలి.

నరసాపురం వైపు లేసు వ్యాపారం చూడండి. అక్కడి ఆడవాళ్ళు రోజూ గంటల తరబడి అల్లితే ఆ లేసు విదేశాలకి పోయింది. 1982లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వాళ్ళ మీద పుస్తకమే రాసింది. వాళ్ళని కూలీలు అనకుండా ఇల్లాళ్ళు అన్నారు, ఆ పనిని తీరికవేళ కాలక్షేపం అన్నారు, అందుకే కూలి అంత తక్కువ, లాభం మగ వ్యాపారుల చేతికి పోయింది అని విడమరచి చెప్పింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీరు నేర్చుకోవాల్సింది ఒక్క మాట మహిమ. "కోడలు షెడ్డు నడుపుతోంది" అనకండి. "ఖాళీగా ఉంటే తోచక వచ్చి కూర్చుంటుంది" అనండి. ఆ పిల్ల వాటా మాటెత్తితే "నీది కానిదేముందమ్మా" అని నవ్వండి. రెండేళ్ళలో ఆ పిల్ల ఏలూరులో వేరే ఉద్యోగం చూసుకుంటుంది. బిల్లులు సరిచూసేవాళ్ళు లేని ఇంట్లో తగాదాలుండవు.

11. మామ్మ పేరు మీద అప్పు తెండి

మామ్మ పద్ధతి మొరటు పద్ధతి. ఈ రోజు అమ్మినదాంట్లోంచే రేపటి సరుకు కొనేది. కొంగుముడిలో లేని డబ్బు ఖర్చుపెట్టేది కాదు. అరువు తెస్తే చెప్పిన రోజుకి ఒక రోజు ముందే ఇచ్చేసేది. అందువల్ల ఊళ్ళో ఆవిడ మాటకి పెద్ద పరపతి పేరుకుని పడి ఉంది. ఊరికే పడి ఉన్న ఆస్తిని వాడుకోకపోతే పాపం.

అప్పు అడిగేటప్పుడు "మామ్మ మనవణ్ణి" అనండి. తీర్చమన్నప్పుడు "కాలం మారిపోయిందండీ" అనండి. మొదట తెల్ల కారు కొనండి. కారు చూసి ఇంకో చోట అప్పు పుడుతుంది. ఆ అప్పుతో దీని వడ్డీ కట్టండి. మామ్మ ముప్పై ఏళ్ళలో దాచిన మాట మూడేళ్ళలో ఖర్చు పెట్టొచ్చు. ఇంత వేగం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

12. చివరికి అన్నీ కౌలుకి ఇచ్చేసి హాయిగా పడుకోండి

ఇప్పుడు మా ఫలితం చెబుతాను.

శ్రావణంలో ఒకసారి మూడు రోజులు వరసగా మబ్బు పట్టింది. మూడో రాత్రి కరెంటు పోయింది. కాపలావాడు ఏడుసార్లు ఫోన్ చేశాడట. నేను నాలుగో చిట్కా తప్పలేదు. డీజిలు డబ్బా మా వరండాలోనే భద్రంగా ఉంది. ఎనిమిదింటికి లేచి వెళితే చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లగా ఉంది. ఒక్క చేప గుటక వెయ్యడం లేదు. అంత ప్రశాంతమైన చెరువుని నేను చూడడం అదే మొదలు. అన్నదమ్ములం ముగ్గురం గట్టు మీద నిలబడి ఎవరు చూసుకోవాల్సిందో మాట్లాడుకుని, టిఫినుకి వచ్చేశాం.

ఆ తర్వాత అన్నీ చకచకా సర్దుకున్నాయి. హౌరా ఫోన్లు అప్పటికే ఆగిపోయాయి. లారీ అమ్మేశాం. కొన్నవాళ్ళు రంగు వెయ్యలేదు, తాడేపల్లిగూడెం దగ్గర హైవే మీద "మామ్మ దీవెన" ఇప్పటికీ తిరుగుతోంది. కారు తీసుకెళ్ళినవాళ్ళు మర్యాదగానే తీసుకెళ్ళారు. షెడ్డు ఖాళీ అయ్యాక ఫొటో ఇంటికి తెచ్చాం. చెరువుల కౌలు డబ్బు నేరుగా వడ్డీకి పోతుంది, మధ్యలో మనం లెక్కపెట్టే శ్రమ కూడా లేదు. తెల్లవారుజామున నాకు ఫోన్ వచ్చి ఏడాదిన్నర అయింది. మామ్మ ఎనభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఎరగని నిద్ర నేను రోజూ పోతున్నాను.

చెరువు కౌలుకి తీసుకున్నది మా పాత కాపలావాడే. మేం బాకీపడ్డ జీతం కౌలులో మినహాయించుకున్నాడు. వాళ్ళమ్మ కూడా మకాంలోనే ఉంటోంది. నాకు ఎప్పుడైనా తెల్లవారుజామున మెలకువ వచ్చి కిటికీలోంచి చూస్తే గట్టు మీద ఒక టార్చిలైటు మెల్లగా కదులుతూ ఉంటుంది. ఆ మూల ఆగుతుంది, నీళ్ళ మీదికి వంగుతుంది, మళ్ళీ కదులుతుంది. ఆవిడ ఆ వయసులో అంత నిద్ర పాడుచేసుకోవడం చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది. దుప్పటి లాక్కుని ఇటు తిరిగి పడుకుంటాను.

ఆవిడ మనవడికి ఇప్పుడు పదేళ్ళు. బళ్ళోకి వెళ్ళేముందు నానమ్మ వెనకే పడవెక్కి సంచులు ఎత్తడం నేర్చుకుంటున్నాడు. ఈ చిట్కాల కాపీ ఒకటి వాడికోసం తీసి దాచాను. పెద్దయ్యాక పిలిచి ఇస్తాను.